బాక్టీరియం, బాక్టీరియాలు

"సార్, ఒక్కటే ఉంటే ఏమనాలి?" అని అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. తను ఇంటి నుంచి తెచ్చిన పుల్లపెరుగునే గాజుపలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, మెథిలీన్ బ్లూ వేసి కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాం. సన్నటి నీలం పుల్లలు కనిపించాయి.

ఆ పుల్లల్లోనే ఉంది పేరు. 1670లలో డెల్ఫ్ట్ ఊరి బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను అరగదీసుకున్న కటకంలోంచి వీటిని చూశాడు. 1683లో పళ్లపాచిలోనూ చూసి రాశాడు. ఆయనకవి చిట్టి జంతువులు, అంతే. 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఎహ్రెన్‌బర్గ్ ఒక ప్రజాతికి బాక్టీరియం అని పేరు పెట్టాడు. చిన్న కర్ర అనే గ్రీకు మాటకు లాటిన్ రూపమది. ఒకటైతే బాక్టీరియం, చాలా ఉంటే బాక్టీరియా.

అవి ఒంటరిగా కనిపించేదెప్పుడు? చీములోనైనా చెరువు నీళ్లలోనైనా గుంపులే. అందుకే బహువచనమొక్కటే జనం నోట నిలిచింది. మనమూ "బాక్టీరియా సోకింది" అంటున్నాం.

"బాక్టీరియాలు" అని పిల్లలు రాస్తే, బహువచనం మీద మళ్లీ బహువచనమేమిటని ఎన్నో ఏళ్లు ఎర్రసిరాతో కొట్టేశాను. అది నా తప్పు. పుస్తకం పుస్తకాలవుతుంది, వృక్షం వృక్షాలవుతుంది. "లు" చేరినప్పుడు చివరి "ము" పోయి ముందున్న అచ్చు దీర్ఘం కావచ్చని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పనే చెప్పాడు. ఆ లెక్కన బాక్టీరియం బాక్టీరియాలే అవుతుంది. లాటిన్ తెలియని పిల్లలు తెలుగు తెలిసి రాసిన మాట అది!

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. లాటిన్‌లో కాడిని యుగుమ్ అంటారు, బాక్టీరియం బాక్టీరియా అయినట్టే కాడులైతే యుగ. సంస్కృతంలోనూ కాడి యుగమే. ఋగ్వేదంలో దాని బహువచనం "యుగా" అని కనిపిస్తుంది. లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం కాబట్టి ఆ పోలిక రక్తసంబంధం. తెలుగు కుటుంబం వేరు, "లు" పూర్తిగా మన సొత్తు. అయినా బాక్టీరియం మన ఇంట్లో పరాయిదానిలా లేదు.

"బాక్టీరియం అనాలమ్మా" అన్నాను. ఆ అమ్మాయి రికార్డులో పుల్ల బొమ్మ గీసి కింద రాసింది: "ఇది ఒక బాక్టీరియం. పక్కన చాలా బాక్టీరియాలు ఉన్నాయి." నేను సంతకం పెట్టాను.