ఇల్మెనౌ గని చెప్పిన లెక్క

మా తెలుగు కొంత అమ్మ నోట విన్నది, కొంత సాయంకాలపు తరగతిలో నల్లబల్ల మీద నేర్చినది. ముప్పయి ఏళ్ళకు పైగా మలాయ్, ఇంగ్లీషు భాషలలో చరిత్ర పాఠాలు చెప్పినవారమే గాని, తెలుగులో అచ్చుకు రాయాలంటే నేటికీ చెయ్యి వణుకుతుంది. తప్పులుంటే పెద్దలు మన్నించి, దిద్దుకొని చదువగలరు.

ఈ ఉత్సవ సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గంవారు కోరగానే మాకు జర్మనీ దేశంలోని ఇల్మెనౌ అనే చిన్న పట్టణం గుర్తు వచ్చింది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మా చిన్నబ్బాయి పరిశోధన చేస్తున్నాడు. కిందటి వేసవిలో మూడు వారాలు అతని దగ్గర ఉన్నాము. ఆ పట్టణంలో రెండు వందల ఏళ్ళ కిందట ప్రజల సొమ్ముతో జరిగిన ఒక పెద్ద పని, దాని ఖర్చు, దాని నష్టం, ఆ లెక్క చెప్పిన తీరు - ఇదే ఈ వ్యాస విషయం.

అంతకు ముందు మా ఊరిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం ఎందుకు రాశామో తెలియదు. మా ఊరి భజన మందిరం కోశాధికారి పని పదకొండేళ్ళుగా మా చేతిలో ఉంది. పైకప్పు మరమ్మతు చేయించాము. అంచనా కంటే ఖర్చు ఎక్కువయింది. తక్కువపడిన సొమ్మును పిల్లల తెలుగు తరగతుల నిధిలోనుంచి తీసి ఇచ్చాము. ఎవరినీ అడుగలేదు. దేవుడి పనే కదా, మెల్లగా పూడ్చవచ్చు అనుకున్నాము. వార్షిక సభలో ఒక అమ్మాయి లేచింది. మా దగ్గర చదువుకున్న పిల్లే. "మాస్టారూ, పిల్లల నిధిలో ఇప్పుడు ఎంత ఉందండీ?" అని అడిగింది. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నాము. ఆ పిల్ల తలవంచుకొని కూర్చుంది. మరెవరూ అడుగలేదు. సభ ముగిసింది. కాని ఆ ప్రశ్న మాతోపాటు విమానమెక్కి జర్మనీ దాకా వచ్చింది.

ఇల్మెనౌ తురింగియా అడవికొండల పాదాన, ఇల్మ్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. బజారు మధ్య పాత కచేరీ భవనం ఉంది. దానిని ఇప్పుడు మ్యూజియం చేశారు. దాని ముందు బల్ల మీద మహాకవి గోథే కంచు విగ్రహం కూర్చొని ఉంటుంది. మన శాకుంతలాన్ని చదివి మురిసిపోయిన గోథేయే. ఆయన కవి అని అందరికీ తెలుసు. ఆయన మంత్రిగా కూడా పని చేశాడని, ఒక చిన్న సంస్థానపు జమాఖర్చులు చూశాడని మాకు ఆ మ్యూజియంలోనే తెలిసింది.

ఆ సంస్థానం పేరు సాక్స్-వైమార్-ఐసెనాఖ్. 1775లో కార్ల్ ఔగుస్ట్ అనే ప్రభువు పద్ధెనిమిదో ఏట గద్దె ఎక్కాడు. అదే సంవత్సరం నవంబరులో ఆయన పిలుపు మీద గోథే వైమార్ వచ్చాడు. మరుసటి ఏడు మంత్రాలోచన సభలో సభ్యుడయ్యాడు. ప్రభువుకు వేట మీద, సైన్యం మీద మోజు. ఖజానాలో అప్పులు. 1779లో సైన్య వ్యవహారాలు గోథే చేతికి వచ్చాయి. ఆయన చేసిన మొదటి గట్టి పని ఖర్చు తగ్గించడం. సుమారు 500 మంది ఉన్న కాలిబంట్లను 150 కంటే తక్కువకు దించాడు. 1782లో ఖజానా అధ్యక్షుణ్ణి తొలగించినప్పుడు ఆ బరువు కూడా ఈయన మీదనే పడింది. 1783లో ప్రభువు పుట్టినరోజుకు గోథే రాసిన పద్యం పేరే "ఇల్మెనౌ". తన్ను తాను అదుపులో పెట్టుకోనివాడు పరులను ఏలలేడన్న హితవు అందులో ఉంది. పుట్టినరోజు కానుకగా ఇలాంటి మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

ఇక గని విషయం. ఇల్మెనౌ నేల కింద రాగి, వెండి ఉన్న పలకరాయి ఉంది. పూర్వం అక్కడ గనులు నడిచాయి. 1739లో నీటి చెరువు కట్ట తెగి గనులు మునిగిపోయాయి. పట్టణం బీదదైపోయింది. పాత గనిని తిరిగి తెరిస్తే కూలివారికి పని, ఖజానాకు రాబడి అని ప్రభువు ఆశపడ్డాడు. 1777లో గని సంఘం బాధ్యత గోథేకు అప్పగించాడు. పాత అప్పులవాళ్ళ దావాలు, ఇరుగుపొరుగు సంస్థానాల హక్కులు తేలేసరికి ఏళ్ళు గడిచాయి.

డబ్బు ఎక్కడినుంచి తేవాలి? ఖజానా ఖాళీ. కనుక వాటాలు అమ్మారు. గని వాటాను అక్కడ కుక్స్ అంటారు. 1000 వాటాలు, వాటా ఒకటికి 20 తాలర్లు. అంటే మొత్తం 20,000 తాలర్లు. 1784 ఫిబ్రవరి 24న ప్రారంభోత్సవం జరిగింది. గోథే ఉపన్యసించాడు. మధ్యలో మాట తప్పిపోయి చాలాసేపు మౌనంగా నిలబడ్డాడనీ, జనం కదలకుండా చూస్తూ ఉండిపోయారనీ, తర్వాత ఏమీ జరుగనట్టు మళ్ళీ అందుకున్నాడనీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. బడి పంతుళ్ళకు ఆ అవస్థ బాగా తెలుసు.

మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది ఆ తర్వాతి పని. వాటాదారులకు గోథే, ఆయన సహచరుడు క్రిస్టియాన్ గోట్‌లోబ్ ఫోయిగ్ట్ కలిసి గని సంగతులను అచ్చు వేయించి పంపేవారు. 1785 నుంచి 1794 వరకు అలాంటివి ఏడు వెలువడ్డాయి. ఎంత లోతు తవ్వినదీ, ఎక్కడ నీరు పడినదీ, ఎంత సొమ్ము అయినదీ, ఇంకెంత కావలసినదీ వాటిలో ఉంటాయి. 1791లోనూ, 1793లోనూ వాటాదారుల సభలు జరిపారు. ప్రభువు మాటే చట్టమైన కాలమది. ఒక మంత్రి తన ఖర్చును సామాన్యుల ముందు పెట్టడం చిన్న విషయం కాదు. గోథే 1786లో ఇటలీ వెళ్ళి వచ్చిన తర్వాత చాలా పదవులు వదులుకున్నా ఈ గని పని మాత్రం వదల్లేదు.

అదే రోజుల్లో ఇల్మెనౌలో మరొక లెక్క కూడా బయటపడింది. అక్కడ పన్నులు వసూలు చేసే అధికారి ఖాతాలలో సొమ్ము తేడా వచ్చింది. పన్ను ఎవరి మీద ఎంత పడుతున్నదో సరిగ్గా తేల్చడానికి ఒక సంఘం వేశారు. అందులోనూ గోథే ఉన్నాడు. గని ఖర్చు పెట్టుబడిని మింగింది. పన్నుల అధికారి ప్రజల సొమ్మును మింగాడు. పైకి రెండూ నష్టమే. కాని ఒకటి అచ్చయి అందరి ఇళ్ళకు వెళ్ళింది, రెండవది పుస్తకంలో దాగి ఉండింది. ఈ తేడాను మనం మరువరాదు.

ఇంతకూ గని ఏమయింది? 1787లో పెద్ద ఊట పడి పని ఆగింది. నీరు తోడే యంత్రాలకే డబ్బంతా పోయింది. వాటాదారులను అదనపు సొమ్ము అడిగారు. కొందరు ఇచ్చారు, కొందరు మానుకున్నారు. ఎనిమిదేళ్ళ తవ్వకం తర్వాత 1792 సెప్టెంబరు 3న పలకరాయి దొరికింది. పండుగ చేసుకున్నారు. కరిగించి చూస్తే లోహం తక్కువ. 1796 అక్టోబరులో నీరు బయటికి పంపే సొరంగం కూలింది. తర్వాత కొన్నాళ్ళు ఈడ్చి, 1813 నాటికి పూర్తిగా మూసివేశారు. వాటా కొన్నవారికి పెట్టుబడి తిరిగి రాలేదు.

ఇక్కడ మనకు భద్రాచలం గుర్తు రాక మానదు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానాషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. రాజుకు చెందవలసిన శిస్తు సొమ్ముతో రాములవారికి గుడి కట్టించాడు. గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాడని చెప్పుకుంటాము. మన రబ్బరు తోటల భజనలలో ఆయన కీర్తనలు పాడని ఇల్లు లేదు. ఒక కీర్తనలో ఏ నగకు ఎన్ని వరహాలు పట్టినవో రామునికే వరుసగా లెక్క చెబుతాడు. చిన్నప్పుడు ఆ పాట విని దేవుడి మీద కోపగించే భక్తుణ్ణి చూశాము. ఇప్పుడు ఆ పాటలో ఒక తహసీల్దారు ఖర్చుల పట్టీ కూడా వినబడుతున్నది. లెక్క ఉంది, కాని అది చెప్పవలసిన చోట ముందుగా చెప్పలేదు. శిస్తు కట్టిన రైతునూ అడుగలేదు, రాజునూ అడుగలేదు. కథలో రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చి తానాషా చేత రసీదు రాయించుకున్నారంటారు. సాక్షాత్తు శ్రీరాముడే రసీదు పుచ్చుకున్నాడంటే, మందిరం కోశాధికారి ఎంతటివాడు?

గోథే కథకు ఇంకొక ముక్క ఉంది. అది మమ్మల్ని మరింత కలవరపెట్టింది. 1816 మే 5న కార్ల్ ఔగుస్ట్ తన రాజ్యానికి రాజ్యాంగం ఇచ్చాడు. పన్నులకు, ఖర్చులకు ప్రతినిధుల సభ అనుమతి అవసరమయింది. జర్మనీలో ఇలాంటి రాజ్యాంగం ఇచ్చిన తొలి ప్రభువులలో ఆయన ఒకడు. అప్పటికి గోథే వృద్ధుడు, ప్రపంచ ప్రసిద్ధుడు. కళాశాలలు, గ్రంథాలయాల వంటి సంస్థలపై పర్యవేక్షణ ఆయనది. ప్రతినిధుల సభ ఆ సంస్థల ఖర్చు లెక్క అడిగింది. ఆయనకు చాలా కోపం వచ్చింది. చివరికి ఒక కాగితం పంపాడు. వచ్చినది ఇంత, పోయినది ఇంత, మిగిలినది ఇంత. అంతే! సభలో కొందరు నవ్వారనీ, కొందరు మండిపడ్డారనీ, పెద్దలు సర్ది చెప్పారనీ ఆయన చివరి రోజుల వైద్యుడు తర్వాత రాశాడు.

గోథే ఆ సొమ్ము తిన్నాడని ఎవరూ అనలేదు. అతని నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. మరి వాటాదారులకు ఏడు నివేదికలు అచ్చు వేయించిన మనిషి, ప్రజాప్రతినిధులకు నాలుగు పంక్తులు పంపడమేమిటి? మాకు తోచినది ఇది. యువకుడుగా ఉన్నప్పుడు ఆయన జనం దగ్గర డబ్బు అడగవలసి వచ్చింది, కనుక లెక్క చెప్పాడు. పెద్దవాడై పేరు వచ్చిన తర్వాత తన పేరే లెక్క అనుకున్నాడు. "మా మీద నమ్మకం లేదా?" అన్న మాటే అది. కాగితం ముక్క మీద జర్మను భాషలో ఉన్నది, అంతే తేడా.

ఇది ఒక్క చిన్న సంస్థానం మాట కాదు. కెనడా దేశంలో 2004లో ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ ప్రభుత్వ ప్రచారపు ఖర్చుల గుట్టు బయటపెట్టినప్పుడు, విచారణ సంఘం కూర్చుంది. 2006 ఎన్నికలలో ఆ పార్టీ అధికారం పోగొట్టుకుంది. మన మలేషియాలో ఒక ప్రభుత్వ పెట్టుబడి సంస్థ మీద ఆడిటర్ జనరల్ రాసిన నివేదికను 2016లో రహస్యపత్రంగా ప్రకటించారు. 2018 మే ఎన్నికల తర్వాత గాని అది జనం కళ్ళబడలేదు. రాజకీయం మా పని కాదు. ఖర్చు ఎక్కువవడం ఒక జబ్బు, దానిని దాచడం మరొక జబ్బు అని మాత్రం చెప్పగలము. రెండవదే ప్రాణాంతకం.

లెక్క అడిగే హక్కు మనవారికి ఊరికే వచ్చినది కాదు. మా తాత విశాఖపట్నం జిల్లా నుంచి కంగాణీ వెంట పేరాక్ కొబ్బరి తోటలకు వచ్చాడు. పడవ ఖర్చు, దారి బత్తెం, బట్టలు - అన్నీ కంగాణీ పుస్తకంలో తాత పేరున బాకీగా పడ్డాయి. ఆ పుస్తకంలో ఏముందో తాతకు చదవరాదు. చదవడం వచ్చినవాడు చూపలేదు. చూపమంటే చెంపదెబ్బ. 1938లో భారత ప్రభుత్వం కూలివారి వలసను ఆపే వరకు ఇలా వచ్చినవారు ఎందరో! "ఎంత బాకీ ఉన్నానో చచ్చేదాకా తెలియలేదురా" అని తాత అన్నమాట మా నాన్న చెప్పేవారు. అటువంటి తాత మనుమలమైన మేము, మా ఎదుట లెక్క అడిగిన పిల్లను కూర్చోబెట్టాము.

ఇల్మెనౌ నుంచి తిరిగి వచ్చిన వారంలోనే సభ పిలిపించాము. పైకప్పుకు ఎంత అయినదీ, పిల్లల నిధినుంచి ఎంత తీసినదీ, ఎవరినీ అడుగకుండా తీసినదీ చదివాము. చదువుతూ మధ్యలో మాట తడబడి కొంతసేపు ఆగిపోయాము. జనం కదలకుండా కూర్చున్నారు. తర్వాత మళ్ళీ అందుకున్నాము. కొందరు పెద్దలు, "ఇదంతా ఎందుకండీ, మీరు తింటారా?" అన్నారు. ఆ మాట మంచి మనసుతోనే అన్నారు. కాని వద్దన్నాము. నిధిని రెండేళ్ళలో పూడ్చే ఏర్పాటు వ్రాతపూర్వకంగా జరిగింది. ఖర్చు ఎంత చిన్నదైనా ఇద్దరి సంతకం ఉండాలని తీర్మానించారు. కొత్త కోశాధికారి ఆ అమ్మాయే. పుస్తకం ఆమె చేతికి ఇచ్చినప్పుడు సిగ్గు కలిగిన మాట నిజం. బరువు దిగిన మాట అంతకన్నా నిజం.

సోదరులారా! మన సంఘాలు చిన్నవి, మన నిధులు చిన్నవి. కాని పిల్లలు రేపు దేశాల ఖజానాలను చూచేవారవుతారు. ఇంటి దగ్గర లెక్క అడగడం తప్పుకాదని నేర్చినవారే అక్కడ అడుగగలరు. పని చెడిపోతే జనం క్షమిస్తారు. ఇల్మెనౌ గని మునిగినా ఆ ఏడు నివేదికలు నేటికీ నిలిచి ఉన్నాయి. కనుక ఈ ఉత్సవం ముగిసిన తర్వాత మన సంఘం జమాఖర్చుల పట్టీ గోడకు అంటించినప్పుడు దయచేసి ఒక నిమిషం ఆగి చదవండి. సందేహముంటే అడగండి. అడిగిన పిల్లలను కూర్చోబెట్టకండి.

శుభం.