గిన్నెలకు మాట్లు వేసే జాన్ బన్యన్



మన సంఘాల్లో పెద్దవాళ్ళను అడిగితే 'యాత్రికుని ప్రయాణము' పేరు వినని వారు తక్కువ. వీపు మీద మోపుతో ఇల్లు విడిచి బయలుదేరిన క్రైస్తవుడు, దారిలో ఊబి, ఇరుకు ద్వారం, చివర్లో దాటాల్సిన నది. సండే స్కూల్లో బొమ్మలు చూపించి చెప్పే కథే. రాసినవాడు జాన్ బన్యన్ అని కూడా చాలామందికి తెలుసు. "జైల్లో పెట్టారట" అంటాం, అక్కడితో ఆపేస్తాం.

ఈసారి పుస్తకాన్ని పక్కన పెట్టి మనిషిని చూద్దాం. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు. ఆరుగురు బిడ్డల తండ్రి. ఈ మూడో సంగతే నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. ఇంట్లో చూపులేని కూతురు ఉంది. ఇక బోధించనని ఒక్క మాట ఇస్తే ఇంటికి పంపేస్తామన్నారు. ఆ మాట ఇవ్వకుండా పన్నెండేళ్ళు చెరసాలలో ఉండిపోయాడు. అలాంటివాణ్ణి మంచి తండ్రి అనవచ్చా?

ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ పట్టణానికి ఆనుకుని ఎల్‌స్టో అనే పల్లె ఉంది. 1628లో అక్కడ పుట్టాడు. తండ్రి థామస్‌ది కంచరి పని. మన చిన్నప్పుడు సంచి భుజాన వేసుకుని "బిందెలకు మాట్లు వేస్తాం" అని కేకవేస్తూ వీధుల్లో తిరిగేవాళ్ళు గుర్తున్నారా? అరుగు మీద కూర్చుని, బొగ్గుల మంట రాజేసి, చిల్లుపడ్డ బిందెకు అతుకు వేసి ఇచ్చేవారు. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక వాళ్ళు కనబడటం మానేశారు. దాదాపు అదే పని ఇది. ఆ దేశంలోనూ ఆ పని చేసేవాళ్ళంటే చిన్నచూపే. వాళ్ళు దేశదిమ్మరులని, నమ్మదగనివాళ్ళని అనుకునేవారు. బన్యన్ కుటుంబానికి సొంత ఇల్లు ఉంది గానీ పేరుప్రతిష్ఠలు లేవు. చదవడం రాయడం నేర్చుకునేంతవరకు బడికి పంపారు. నేర్చుకున్నది చాలావరకు మరచిపోయానని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

1644 ఆ ఇంటికి చెడ్డ సంవత్సరం. జూన్‌లో తల్లి పోయింది. జూలైలో చెల్లెలు పోయింది. నెల తిరక్కుండానే తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి బన్యన్‌కు పదహారేళ్ళు. దేశంలో రాజు మొదటి ఛార్లెస్‌కూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతోంది. ఆ సంవత్సరం ముగిసేలోపే ఈ కుర్రవాడి పేరు న్యూపోర్ట్ పాగ్నెల్ అనే ఊళ్ళో ఉన్న పార్లమెంటు దండు హాజరు పట్టీలో కనబడుతుంది. ఆ దండుకు అధిపతి సర్ శామ్యూల్ లూక్. జీతాలు రావు, బట్టలు ఉండవు. తన మనుషుల్లో ఇద్దరికి కలిపి ఒకటే లాగు ఉందని, ఒకడు దాన్ని తొడుక్కుని బయటికి వెళితే రెండోవాడు పక్కలోనే పడుకోవాల్సి వస్తోందని లూక్ ఒక ఉత్తరంలో రాశాడు. బన్యన్ సైనిక జీవితం ఇలాంటిది. 1647 దాకా అక్కడే ఉన్నాడు.

యుద్ధం గురించి ఆయన చెప్పినది చాలా కొద్ది. ఒక సంగతి మాత్రం దాచుకోలేకపోయాడు. ఒక పట్టణపు ముట్టడికి ఆయనను పిలిచారు. బయలుదేరే వేళకు ఇంకొకడు తాను వెళతానన్నాడు, ఈయన సరేనన్నాడు. ఆ వెళ్ళినవాడు కాపలాలో నిలబడి ఉండగా తలకు తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఆ తోటి సైనికుడి పేరేమిటో బన్యన్ రాయలేదు. రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాడు. యుద్ధానికి వెళ్ళొచ్చిన వాళ్ళు మాట్లాడే తీరు అలాగే ఉంటుంది. మన ఊళ్ళలో మిలిటరీ నుంచి వచ్చిన పెద్దవాళ్ళను చూడండి, క్యాంటీను గురించి, చలి గురించి చెబుతారు గానీ పక్కన పడిపోయినవాడి గురించి అడిగితే మాట మారుస్తారు.

తిరిగొచ్చి తండ్రి పనే అందుకున్నాడు. ఆయనదని చెప్పే దాగలి ఒకటి ఇప్పటికీ బెడ్‌ఫర్డ్‌లో ఉంది. దానిమీద ఆయన పేరు, ఊరి పేరు, 1647 అన్న సంవత్సరం చెక్కి ఉన్నాయి. పనిముట్లు మోసుకుంటూ ఊరూరా నడిచేవాడు. కథలో క్రైస్తవుడి వీపు మీద ఆ మోపు ఎక్కడి నుంచి వచ్చిందో నేను వేరే వెతకనక్కరలేదనుకుంటాను.

పెళ్ళయింది. మొదటి భార్య పేరు ఎక్కడా దొరకదు. ఇంట్లో గిన్నె గరిటె కూడా సరిగా లేని కాపురమట. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది రెండు భక్తి పుస్తకాలు, అవి ఆమె తండ్రివి. ఇద్దరూ కలిసి చదువుకునేవారు. 1650లో మొదటి బిడ్డ మేరీ పుట్టింది. ఆ బిడ్డకు చూపు లేదు.

ఆయన మారుమనస్సు సంగతి ఆయన మాటల్లోనే చాలా పెద్దది, ఇక్కడ అంతా చెప్పలేను. ఒక్కటి చెబుతాను. ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వెళితే ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని దేవుని సంగతులు మాట్లాడుకుంటున్నారు. అప్పటికి ఆయన కూడా భక్తి కబుర్లు బాగానే చెప్పగలిగేవాడు. కానీ వాళ్ళు మాట్లాడేది తనకు తెలియని సంగతని అర్థమైంది. వాళ్ళు తమ కాపరి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ కాపరి జాన్ గిఫర్డ్ ఎవరు? యుద్ధంలో రాజు పక్షాన మేజరుగా పోరాడినవాడు, మరణశిక్ష పడి తప్పించుకున్నవాడు. ఒకప్పుడు ఎదురెదురు పక్షాల్లో కత్తి పట్టినవాళ్ళు ఒకరు కాపరి, ఒకరు సంఘబిడ్డ అయ్యారు. అసలు సంఘం అంటే ఏమిటో చెప్పాలంటే నేను ఈ ఇద్దరినీ చూపిస్తాను.

1658లో భార్య చనిపోయింది. నలుగురు పిల్లలు, పెద్దది మేరీకి ఎనిమిదేళ్ళు. మరుసటి ఏడు ఎలిజబెత్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి పగలు మాట్లు వేస్తూ, వీలైనప్పుడల్లా బోధిస్తూ ఉన్నాడు. తాపీ పని, టైలరింగ్ చేసుకుంటూ సంఘం నడిపే మన పల్లె సేవకులకు ఇది కొత్త కాదు.

1660లో రాజు కొడుకు రెండో ఛార్లెస్ సింహాసనం ఎక్కాడు. ప్రభుత్వ సంఘానికి బయట, అనుమతి లేకుండా కూడికలు పెట్టేవారిపై పాత చట్టాలు మళ్ళీ బయటికి తీశారు. నవంబరు 12న సాంసెల్ అనే చిన్న పల్లెలో ఒక ఇంట్లో కూడిక. బంధించడానికి వస్తున్నారని ముందే తెలిసింది. వెళ్ళిపోవచ్చు. తాను పారిపోతే కొత్త విశ్వాసులు బెదిరిపోతారని ఉండిపోయాడు. మూడు నెలల శిక్ష వేసి, అప్పటికీ లోబడకపోతే దేశం నుంచి వెళ్ళగొడతామని, తిరిగివస్తే ఉరి అని చెప్పారు. ఆ మూడు నెలలు పన్నెండేళ్ళయ్యాయి.

అప్పటికి ఎలిజబెత్ గర్భిణి. భర్తను బంధించారన్న వార్త విని దిగులుతో నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిది రోజులు బాధపడింది. బిడ్డ బతకలేదు. ఆ తర్వాత ఆమె లండను వెళ్ళి ఒక ప్రభువుల సభ సభ్యుడికి అర్జీ ఇచ్చింది. 1661 ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫర్డ్ వచ్చినప్పుడు మళ్ళీ ఇచ్చింది. ఒకసారి కదులుతున్న గుర్రపు బండిలోకి కాగితం విసిరింది. చివరికి స్వాన్ అనే సత్రంలో, న్యాయాధిపతులూ ఆ ప్రాంతపు పెద్దమనుషులూ నిండిన గదిలోకి వణుకుతూ వెళ్ళి నిలబడింది.

అక్కడ జరిగినదంతా బన్యన్ ఆమె నోట విని రాసి ఉంచాడు. ట్విస్‌డన్ అనే న్యాయాధిపతి మండిపడ్డాడు. బోధ మానేస్తాడా చెప్పు, మానేస్తే ఇప్పుడే పిలిపిస్తామన్నాడు. నోట మాట ఉన్నంతకాలం ఆయన మానడని ఆమె చెప్పింది. తనకు తమను తాము చూసుకోలేని నలుగురు చిన్నపిల్లలున్నారని, ఒకరికి చూపు లేదని, మంచివాళ్ళు పెట్టింది తిని బతుకుతున్నామని చెప్పింది. ఆ నలుగురూ ఆమె కన్నబిడ్డలు కారు, గుర్తుపెట్టుకోండి. పేదరికాన్ని అడ్డం పెట్టుకుంటున్నావని ట్విస్‌డన్ అన్నాడు. పని చేసుకోవడం కంటే బోధిస్తూ తిరగడంలోనే అతనికి ఎక్కువ గిడుతోందట కదా అని కూడా అన్నాడు. మాథ్యూ హేల్ అనే మరో న్యాయాధిపతి కాస్త మెత్తనివాడు, అతని వృత్తి ఏమిటని అడిగాడు. గిన్నెలకు మాట్లు వేస్తాడని గదిలోవాళ్ళే జవాబిచ్చారు. దానికి ఎలిజబెత్, అవునని, ఆ పని చేసేవాడూ పేదవాడూ కాబట్టే ఆయనను తృణీకరిస్తున్నారని, అందుకే న్యాయం దొరకడం లేదని అంది.

ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. చేసే పనిని బట్టి, పుట్టిన వీధిని బట్టి మనిషి విలువ కట్టడం మన దేశంలోనే ఉందనుకుంటాం. ఇరవై ఏళ్ళు దాటిందో లేదో అన్నట్టున్న ఆ పేద స్త్రీ న్యాయాధిపతుల మొహం మీదే ఆ సంగతి చెప్పింది. హేల్ జాలిపడి మూడు చట్టపు దారులు చూపించాడు, అంతకుమించి చేయలేదు. ఆమె ఏడుస్తూ బయటికి వచ్చింది.

చెరసాలలో బన్యన్ ఏం చేశాడు? లేసులు చేశాడు. లేసు కొస పీచులేవకుండా రేకు తొడుగు బిగించే పని. గ్రోసు అంటే 144. అలాంటి గ్రోసులు కొన్ని వందలు ఆయన తన చేతులతో చేసి ఇంటిని పోషించాడని, కళ్ళారా చూసిన స్నేహితుడు ఒకరు రాశారు. కొలిమి, దాగలి లేని చోట కూడా లోహంతో చేసే పని ఒకటి వెతుక్కున్నాడు. భార్యాపిల్లలను విడిచి ఉండడం ఒంటి నుంచి మాంసం పెరుకుతున్నట్టుందని, చూపులేని మేరీయే మిగతా అందరికంటే మనసులో ఎక్కువ మెదులుతోందని రాసుకున్నాడు. ఆ పిల్ల అడుక్కోవాల్సి వస్తుందేమో, ఎవరైనా కొడతారేమో, చలికి ఆకలికి ఎలా ఉంటుందో అని ఊహించుకుని కుమిలిపోయేవాడు. ఆ పిల్ల చెరసాలకు సూపు తెచ్చేదని చెప్పే కూజా ఒకటి బెడ్‌ఫర్డ్ మ్యూజియంలో చూపిస్తారు. తండ్రి కంటే ముందే ఆమె కన్నుమూసింది.

మొదటి ప్రశ్నకు వస్తాను. నేనైతే ఆయనను మంచి తండ్రే అంటాను. కానీ ఆ ధర కట్టింది ఆయన ఒక్కడే కాదు. భర్త లేని ఇంట్లో నలుగురు సవతి బిడ్డలను పెంచిన ఎలిజబెత్ ఎక్కువ కట్టింది. ఆయన పేరుతో సంఘాలు, విగ్రహాలు ఉన్నాయి. సేవకుడి త్యాగం అని మనం పులుపిటు మీద చెప్పేటప్పుడు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి లెక్కలోకి రాదు. సేవకుల భార్యలు ఈ వాక్యం చదివితే నవ్వుకుంటారని తెలుసు.

1672లో విడుదలయ్యాడు. ఇంకా ఖైదీగా ఉండగానే సంఘం ఆయనను కాపరిగా ఎన్నుకుంది. ఒక తోటలోని గడ్డి కొట్టాన్ని కొని అందులో ఆరాధన పెట్టుకున్నారు. 1678లో 'యాత్రికుని ప్రయాణము' అచ్చయింది, దేశమంతా చదివారు. 1688 ఆగస్టులో, ఒక తండ్రీకొడుకుల తగవు తీర్చడానికి గుర్రం మీద రెడింగ్ వెళ్ళాడు. ఇద్దరినీ కలిపి, వానలో తడుస్తూ లండను చేరాడు. జ్వరం పట్టుకుంది. 31వ తేదీన స్నేహితుడి ఇంట్లో కన్నుమూశాడు. బన్‌హిల్ ఫీల్డ్స్‌లో సమాధి చేశారు. కొడుకు జాన్ బెడ్‌ఫర్డ్‌లో ఆ కంచరి పనే కొనసాగించాడు.

చనిపోవడానికి మూడేళ్ళ ముందు, 1685 డిసెంబరు 23న, మళ్ళీ చెరసాల తప్పదేమోనన్న భయం ఉన్న రోజుల్లో, బన్యన్ ఒక దస్తావేజు రాయించాడు. తనను బంధిస్తే ఇంట్లో సామాన్లు జప్తు కాకుండా, తనకున్నదంతా ప్రియమైన భార్య ఎలిజబెత్‌కు ఇచ్చేశాడు. అప్పటికి ఆయన పుస్తకం సముద్రాలు దాటింది. అయినా ఆ కాగితంలో తన వృత్తి రచయిత అని గానీ బోధకుడు అని గానీ రాయించలేదు, కంచరి అని రాయించాడు. దాన్ని ఇంటి గోడలో భద్రంగా దాచాడు. ఎంత భద్రంగా అంటే ఆయన పోయాక ఎలిజబెత్‌కు అది దొరకలేదు. ఆమె మళ్ళీ అధికారుల దగ్గరికి వెళ్ళి మామూలు పద్ధతిలో ఆస్తి తన పేరు మీదికి మార్పించుకోవాల్సి వచ్చింది. లెక్క వేస్తే మొత్తం 42 పౌండ్ల 19 షిల్లింగులు. ఆ ఇల్లు 1838లో పడగొట్టారు. కాగితం అప్పుడు బయటపడింది.