కూలిపోయిన వ్యోమం

1998లో దూరదర్శన్ జాతీయ చానల్లో ‘కెప్టెన్ వ్యోమ్’ మొదలయ్యేనాటికి మా ఊరు కంబైనల్లూరులో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో 1968 నుంచీ రెండే భాషలు, హిందీ లేదు. అయినా ఆ హిందీ ధారావాహికను కళ్లప్పగించి చూశాం. మాటలు పోతే పోయాయి, నౌకలు కనిపిస్తున్నాయి, గ్రహాలు కనిపిస్తున్నాయి. వాటిని నడిపేవాడు మన మనిషి.

దాని గొప్పంతా అక్కడే ఉంది. అంతరిక్షం అంటే అమెరికావాళ్లదే అన్న కాలంలో మిలింద్ సోమన్‌ను కెప్టెన్‌గా నిలబెట్టి, ‘వ్యోమ్’ అని పేరు పెట్టడం చిన్న సాహసం కాదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన దేశంలో అప్పుడప్పుడే కాళ్లూనుకుంటున్నాయి. దర్శకుడు కేతన్ మెహతా వాటిని నమ్ముకుని వారం వారం ఒక లోకం కట్టడానికి పూనుకున్నాడు. ఈనాటి కళ్లకు ఆ బొమ్మలు నాసిగా కనిపిస్తాయి. ఆ తప్పు నేను పట్టను.

దాన్ని కూల్చింది కథ. తప్పించుకున్న నేరస్థులు, వాళ్లను ఒక్కొక్కరినే వేటాడే కెప్టెన్. ఆ వేట తప్ప ఆ లోకంలో బతుకు లేదు. అక్కడి జనం ఏం తింటారో, దేనికి ఏడుస్తారో తెలియదు. దుస్తులు, ఆయుధాలు, విలన్ల నవ్వులు అన్నీ పరాయి సినిమాల్లో చూసినవే. ‘మిర్చ్ మసాలా’లో కారం కొట్టే ఆడవాళ్ల కోపాన్ని అంత నిజంగా చూపిన దర్శకుడు, ఆ మట్టిని ఆకాశానికి ఎందుకు తీసుకెళ్లలేదో నాకు ఇప్పటికీ బాధే. రేపటి లోకం కథలో మామూలు మనుషుల్ని చూపే పని అంతకు ముందే తమిళంలో జరిగింది. తమిళ రచయిత సుజాత రాసిన ‘ఎన్ ఇనియ ఇయందిరా’ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు హంగులు తక్కువే. కానీ నియంత పాలనలో నలిగే మామూలు మనుషులున్నారు, తెలివైన మరకుక్క జీనో ఉంది. జీనోకి ఏమవుతుందోనని గుండె పట్టుకుని కూర్చునేవాళ్లం. వ్యోమ్ కోసం అలా ఎవరూ భయపడలేదు. అతను గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు.

మనసులో చోటు దొరకని కథ గాలి మారగానే పడిపోతుంది. 1999 చివర సన్ టీవీలో రాధిక ‘చిత్తి’ మొదలైంది. అదే జెమినీలో ‘పిన్ని’ అయి తెలుగు ఇళ్లకూ వచ్చింది. 2000 జూలైలో స్టార్ ప్లస్ అత్తాకోడళ్ల కథ ఎత్తుకుంది. ఒక ఇల్లు, నాలుగు గదులు, రోజూ ఒక కన్నీటి చుక్క. అవి చవగ్గా తయారయ్యేవి, ఏళ్ల తరబడి సాగేవి. నౌకలకూ గ్రహాలకూ డబ్బు పోసే ఓపిక ఇక ఎవరికీ లేకపోయింది. వ్యోమ్ ఒక్కడే పోయి ఉంటే ఇంత దుఃఖం లేదు. అతని తప్పులు దిద్దుకుని రావాల్సిన తమ్ముళ్లు కూడా అతనితోనే పోయారు. రెండో ప్రయత్నం జరిగి ఉంటే మనుషులున్న ఆకాశం మన తెర మీదికి వచ్చేదని నా నమ్మకం.

శ్రీహరికోట తెలుగు నేల మీదే ఉంది. అక్కడి నుంచి ఎగిరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగుతుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. మర్నాడు, అది చూసిన పిల్లలకు చూపించడానికి, తెలుగులో గానీ తమిళంలో గానీ, అంతరిక్షంలో మన మనుషులు బతికే ధారావాహిక ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.