పాత సలూను కారు – పెరుగుచున్న సంసారము

బాలాపూర్ గ్రామమునకు వాయవ్యమున ఫలక్‌నుమా కొండయు, నైరృతి దిక్కున శంషాబాదు విమానాశ్రయమును ఉన్నవి. కొండమీది భవనమును కట్టించినవాడు పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా. శంషాబాదు పేరు సైతము ఆ వంశీయుల షంసుల్ ఉమ్రా బిరుదును స్మరింపజేయునదే. విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. ఈ రెంటి నడుమనున్న త్రోవలలో నేడు మధ్యతరగతి గృహస్థులు, ఒకనాడు ధనవంతులు మాత్రమే కొనగలిగిన కార్లను నడుపుకొని పోవుచున్నారు. అది యెట్లు సంభవించినది? ఇద్దరు పిల్లలు ఏపుగా ఎదుగుచుండ, ఊరినుండి నాయనమ్మ వచ్చి చేరగా, ఉన్న చిన్నకారు చాలని గృహస్థు అట్టి పాత కారును కొనవచ్చునా? కొనినచో దేనిని ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చాలవరకు చరిత్రలోనే దొరకునని మా తలంపు.

నాలుగు తలుపులు, మూసిన కప్పు, వెనుక డిక్కీ గల కారును పూర్వము సలూను అనెడివారు. నేడు సెడాన్ అనుచున్నారు. పేరు మారినను పని మారలేదు. నలుగురైదుగురు మనుష్యులను, వారి సామానును, ఎండవానలకు అందకుండ చేర్చుటయే దాని పని.

మోటారు కారు మన దక్కనులో ప్రభువుల వాహనముగా అడుగుపెట్టినది. ఆరవ నిజాము మహబూబు అలీఖాను రోల్స్‌రాయిస్ కంపెనీవారి సిల్వర్ ఘోస్టు కారును కోరి చేయించెను. అది సిద్ధమగు నాటికి, అనగా 1912 నాటికి, ఆయన కాలధర్మము నొందియుండెను. సింహాసనమువంటి ఆసనము గల ఆ పసుపుపచ్చని కారును తరువాతి కాలమున చౌమహల్లా భవనమున ప్రదర్శనకు ఉంచిరి. ప్రభువునకు కావలసినది వైభవము. కారు ఎంత పెట్రోలు త్రాగును, చెడినచో ఎవరు బాగుచేయుదురు అను చింత ఆయనకు లేదు. అదే కాలమున సామాన్యునకు సొంత కారు ఊహకు కూడ అందనిది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ఆరంభించినపుడు గాని అతనికి మోటారు ప్రయాణము దక్కలేదు.

1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. 1949లో జాగీర్దారీ పద్ధతి రద్దయ్యెను. రాబడి తగ్గిన దేవిడీలకు పెద్ద కారు అలంకారము కాదు, బరువు. అట్టి కాలమున వైభవ వాహనము చేయి మారుట సహజము. ఇచ్చటనే మన కథలోనికి రెండవ యజమాని వచ్చినాడు. మొదటి యజమానికి పుట్టని ప్రశ్నలన్నియు ఇతనికి పుట్టినవి. డ్రైవరునకు జీతమెవరిచ్చెదరు? అమెరికా టైరు ఎచ్చట దొరకును? విరిగిన ఇరుసునకు బదులు ఇరుసు ఏ ఓడపై రావలెను?

ఈ ప్రశ్నలను మరింత కఠినము చేసినది 1953 నాటి నిర్ణయము. దేశములోనే భాగములను తయారుచేయు ప్రణాళిక గల సంస్థలే కార్ల పరిశ్రమలో నిలువవలెనని టారిఫ్ కమిషను సూచించెను. 1928 నుండి బొంబాయిలో కార్లు కూర్చుచున్న జనరల్ మోటార్సువారు, వారితోపాటు ఫోర్డువారు, ఆ పని మానుకొనిరి. షెవర్లే, బ్యూయిక్, ఫోర్డు కార్లు రోడ్లమీద మిగిలినవి. వాని వెనుకనున్న కర్మాగారములు తరలిపోయినవి. బండి బ్రతికియుండగా దాని పుట్టినిల్లు మూతపడుట ఎట్టిదో మన దేశస్థులు మొదటిసారి చవిచూచినది అప్పుడే.

తరువాతి మూడు దశాబ్దములు గృహస్థునకు ఎన్నిక సులభమైనది. ఏలయన ఎన్నుకొనుటకు ఎక్కువ లేదు. ఉత్తరపారాలో 1957లో ఆరంభమైన అంబాసిడరు, కుర్లాలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు – ఇవియే మూడు. 1959 నుండి పంపిణీ సైతము ప్రభుత్వ నియంత్రణకు లోబడెను. పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుండుట చేత, వాడిన కారు ఒక్కొక్కప్పుడు క్రొత్తదాని నియంత్రిత ధరకంటె ఎక్కువ పలికెడిది. అంబాసిడరు ముందుసీటు బెంచివలె నుండుటచే పిల్లను నడుమ కూర్చుండబెట్టి ఆరుగురు సుఖముగ పోగలిగెడివారు. అంతకంటె ముఖ్యమైన సుగుణము మరియొకటి. దానిని విప్పి బిగింపగల మిస్త్రీ ప్రతి తాలూకా పట్టణములోను ఉండెడివాడు.

వైభవము కోరువారికి అప్పుడు మరియొక ద్వారము తెరిచియుండెను. విదేశ రాయబారులు తెచ్చుకొనిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషనువారు అమ్మెడివారు. మెర్సిడిస్, ఇంపాలా వంటివి ఈ త్రోవనే సినిమావారి ఇండ్లకును వర్తకుల ఇండ్లకును చేరెను. వేలము మాట వచ్చినది కనుక ఇచ్చట ఒక పోలిక చెప్పవచ్చును. బాలాపూర్ వారికి వేలము క్రొత్త కాదు. ఆ ఊరి వినాయకుని లడ్డు 1994లో 450 రూపాయలకు పాడబడినది. 2024లో 30 లక్షలు దాటినది. లడ్డు ధర యేటేట పెరుగుచు వచ్చినది. వైభవపు కారు ధర యేటేట తరుగును. లడ్డు పాడినవారు భక్తికి వెలనిచ్చుచున్నారు. పాత కారు పాడువారు దేనికి వెలనిచ్చుచున్నారో ముందుగ తెలిసికొనవలెను.

1980 తరువాత స్వదేశపు వైభవము పుట్టినది. 1984లో వచ్చిన కాంటెస్సా చూపులకు గంభీరము. కాని ఆరంభమున దాని కడుపులో నుండినది అంబాసిడరు నాటి 1489 సీసీ ఇంజనే. ఇసుజు ఇంజను అమర్చిన పిదప గాని ఆ దేహమునకు తగిన బలము రాలేదు. మద్రాసువారు 1985లో తెచ్చిన స్టాండర్డు 2000 రోవరు కారు రూపమున మెరసినను, లోపలిది పాత వాన్‌గార్డు సంతతి ఇంజను. పెట్రోలు విపరీతముగ త్రాగునని పేరుపడి 1988 నాటికే దాని తయారీ నిలిచిపోయెను. దానిని కొనినవారికి కారు మిగిలినది, కంపెనీ మిగులలేదు. 1953 నాటి పాఠమునే చరిత్ర రెండవసారి చెప్పినది.

1991 ఆర్థిక సంస్కరణల వెనువెంట, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు తొలగింపబడెను. నాటి ప్రధాని పి.వి. నరసింహారావుగారు. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు, శంషాబాదు త్రోవలో, 2009లో తెరచిన 11.6 కిలోమీటర్ల వంతెన రోడ్డునకు ఆయన పేరే పెట్టుట ఎంతయు సముచితము. ఆ రోడ్డుమీద పరుగెత్తు కార్లలో అధిక భాగము ఆ నిర్ణయము ఫలితమే కదా! 1995లో పూనాలో మెర్సిడిస్ తయారీ ఆరంభమైనది. 2001లో స్కోడా ఆక్టేవియా, హోండా అకార్డు, 2002లో టొయోటా కామ్రీ, 2007లో మద్రాసునుండి బి.ఎం.డబ్ల్యు. వరుసగ వచ్చినవి. వచ్చినట్లే కొందరు వెళ్లిరి కూడ. దేవూ మూతపడెను. ఓపెల్ పేరు 2006లో మాయమయ్యెను. జనరల్ మోటార్సువారు 2017లో అమ్మకములు నిలిపిరి. ఫోర్డువారు ఇచ్చట తయారీ మానెదమని 2021లో ప్రకటించిరి. పాఠము మూడవసారి.

ఇక నేటి గృహస్థు ఎదుట నున్న బేరమును చూతము. వైభవపు సలూను మూడు నాలుగేండ్లలో సగము విలువ కోల్పోవుట అరుదు కాదు. పదేండ్లు నిండినచో చిన్న క్రొత్తకారు ధరకే దొరకును. కాని ధర తగ్గినది కొనుబడికే, పోషణకు కాదు. కారు ధర పాతదైనను దాని విడిభాగముల ధర క్రొత్తదే. గాలి బుగ్గలపై నిలుచు సస్పెన్షను, రెండు క్లచ్చీల గేరుబాక్సు మొదలగునవి ఒక్కటి చెడినను, కొనిన సొమ్ములో గణనీయమైన భాగమును మింగివేయగలవు. నెల జీతమునుండి పిల్లల చదువునకు తీసియుంచిన సొమ్ము గ్యారేజికి పోయినచో, ఆ కారు సంసారమునకు సౌఖ్యము కాదు, శత్రువు.

అట్లని పాత పెద్దకారు కూడదని మేము చెప్పుట లేదు. దాని పక్షమున బలమైన వాదము కలదు. మన దేశమున ఏ.బి.ఎస్. బ్రేకులు, డ్రైవరు ముందరి గాలిసంచి 2019లో గాని అన్ని కార్లకు విధిగా రాలేదు. అంతకు మునుపే పెద్ద సలూనులలో ఇవి యుండెను. పదేండ్లనాటి చిన్నకారు కంటె అదే ఈడు పెద్దకారు పిల్లలకు ఎక్కువ రక్ష నీయగలదు. అయితే ఆ రక్ష పట్టీ కట్టుకొనినవారికే. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద వైభవపు కారు వెనుకసీటులో పట్టీ లేక కూర్చుండిన సైరస్ మిస్త్రీగారు మరణించిన సంగతి దేశమంతయు నెరుగును. కావున కారు చూడబోవునపుడు ముందుగ వెనుకసీటు చూడవలెను. మువ్వురికిని భుజముమీదుగ వచ్చు పట్టీ యున్నదా? నడుమ కూర్చుండువారి కాళ్లకు అడ్డుగ ఎత్తైన దిమ్మె యున్నదా? నాయనమ్మ మోకాళ్లు నొప్పి లేకుండ లోనికి వంగగలదా? ఇంటివారినందరిని తీసికొనిపోయి కూర్చుండబెట్టి చూచుట యుత్తమము.

రెండవది నీటి పరీక్ష. 2020 అక్టోబరు 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మొదలగు దిగువ బస్తీలను ముంచెత్తెను. నాటి అంబాసిడరైనచో నీరు దిగిన పిదప ఎండబెట్టి నడిపెడివారు. నేటి సలూనునకు సీట్ల క్రిందను, తివాచీ క్రిందను విద్యుత్తు తీగలు, యంత్రపు మెదడులు ఉండును. తడిసినది నేడు నడచినను రేపు నిలిచిపోవచ్చును. తివాచీ ఎత్తి చూడవలెను. సీటు పట్టాలపై తుప్పును, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఒండ్రును వెదకవలెను. పట్టీని కడవరకు లాగి మరకలున్నవేమో చూడవలెను.

మూడవది కాగితముల పరీక్ష. నంబరు పలకయే ఒక చిన్న చరిత్ర. ఇచ్చట రిజిస్టరైన కారుపై ‘ఏపీ’ అని యున్నచో రాష్ట్ర విభజనకు ముందటిది, ‘టీఎస్’ అని యున్నచో ఆ తరువాతిది, ‘టీజీ’ అని యున్నచో 2024 మార్చి తరువాతిది. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిదప తనిఖీ చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఢిల్లీలో పదేండ్ల డీజిలు కార్లపై 2015లో హరిత ట్రిబ్యునలు విధించిన నిషేధమును 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన మీదట, అచ్చటి వైభవపు డీజిలు కార్లు చౌకగ ఇతర రాష్ట్రములకు తరలివచ్చినవి. చౌక యని మురిసిపోరాదు. అచ్చటి ఎన్‌ఓసీ, ఇచ్చటి జీవితకాలపు పన్ను, ఫైనాన్సు అప్పు తీరినట్లు పత్రము – ఈ మూటిని లెక్కలో చేర్చిన పిదపనే అసలు ధర తేలును.

ఇట్లు పరీక్షింపగా రెండు మూడు కార్లు సమానముగ నిలిచినచో దేనిని కొనవలెను? ఏడెనిమిదేండ్ల ప్రాయముగల సాదా పెట్రోలు ఇంజను సలూను, దాని కంపెనీ నేటికిని దేశమున నిలిచియున్నది, అధికృత షెడ్డు వెలుపల కూడ దానిని విప్పగల మెకానిక్కు నగరమున నున్నది – అదియే సంసారికి తగినది. ముందుభాగమున మెరయు బిళ్ల ఏ దేశపుదైనను సరియే. కొను ధరలో ఐదవ వంతైనను మొదటి ఏటి మరమ్మతులకు వేరుగ తీసి యుంచగలిగినపుడే బేరమునకు దిగవలెను. అంత మిగులనిచో ఒక మెట్టు దిగి చిన్నదే కొనుట వివేకము.

ప్రభువుల కారు గృహస్థుని వాకిటికి వచ్చుటకు నూరేండ్లు పట్టినది. ఆ నూరేండ్లలో కుటుంబములకు కడదాక సేవచేసినది అన్నిటికంటె గొప్పది కాదు, చెడిన నాడు బాగుచేయుటకు మనిషియు సరకును దొరకినది.