ఒంటి రంగు క్రేయాన్

మా ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లోనే. సెలవు రోజున కూడా అటు వెళ్ళాలని ఎవడికుంటుంది చెప్పండి? కానీ మా ఏడేళ్ళ అమ్మాయికి నది ఒడ్డున కూర్చుని బొమ్మలు గీయాలని సరదా. "టోపీ పెట్టుకో, నల్లబడతావ్" అని బయల్దేరదీశాను.

కెవెనా వంతెన దగ్గర చొంగ్ ఫా చియొంగ్ 2000లో చేసిన కంచు శిల్పం ఉంది. నదిలోకి దూకుతున్న అయిదుగురు పిల్లలు. అమ్మాయి బొమ్మ బాగానే గీసింది. రంగుల దగ్గరికొచ్చి, "నాన్నా, ఒంటి రంగు క్రేయాన్ ఏదీ?" అంది. తనే వెతుక్కుని లేత గులాబీది తీసింది. కంచు పిల్లలకీ అదే, పక్కన గీసిన తనకీ, నాకూ అదే! నా చెయ్యి చూస్తేనేమో కాఫీ డికాషన్.

ఈ మాటకో చరిత్ర ఉంది. అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి రంగుని 'ఫ్లెష్' అనే పేరుతో అమ్మేది. తెల్లవాళ్ళ చర్మమే చర్మమని డబ్బాలో హార్డ్‌కోడ్ చేశారన్నమాట. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న 1962లో దాని పేరు 'పీచ్' అయింది. వేర్వేరు ఒంటి రంగుల డబ్బా 1992లో గానీ రాలేదు. 2020లో 24 ఛాయలతో ఇంకోటి వచ్చింది. పేరు మార్చడం తేలిక, మిగతా కోడ్ మార్చడానికే ఏళ్ళు పట్టింది.

"వీళ్ళు చైనీస్ పిల్లలా, మనవాళ్ళా?" అంది అమ్మాయి. కంచు చెప్పదు కదా! ఈ ఊరిని మాత్రం అలాగే విడదీసి గీశారు. 1822లో రాఫెల్స్ వేయించిన ప్లానులో యూరోపియన్లకో పేట, చైనా వాళ్ళకో పేట, అరబ్బులకొకటి, మన దక్షిణాది నుంచి వచ్చిన చూలియాలకొకటి. అప్పటి కమర్షియల్ స్క్వేరే 1858లో రాఫెల్స్ ప్లేస్ అయింది.

అలాగని అంతా తెల్లవాళ్ళ మీదికి నెట్టేసి మనం తప్పించుకోలేం. కృష్ణుడంటేనే నల్లనివాడు. ద్రౌపదికీ కృష్ణ అని పేరుంది. బొమ్మల్లో మాత్రం కృష్ణుడు నీలం. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి చక్కటి నలుపు చేస్తారు. దాంతో గీతలు గీసి, కృష్ణుడి ఒంటికి మాత్రం నీలం వేస్తారు. నీలానికి వేరే అర్థాలు ఉండొచ్చు, కాదనను. కానీ పెళ్ళి ప్రకటనల్లో తెల్లటి అమ్మాయి కావాలనడానికి ఏ అర్థం చెబుతాం?

నారింజ రంగు పల్చగా వేసి, దానిమీద బ్రౌన్ రుద్ది, కాస్త పసుపు కలిపి చూపించాను. అమ్మాయి కాగితాన్ని తన చెయ్యి పక్కన పెట్టుకుని, ఇంకొంచెం బ్రౌన్ రుద్ది, "ఇది నేను" అంది. నాకు ఇంకా ఎక్కువ రుద్దింది. ఒప్పుకున్నాను.

తిరిగొస్తుంటే అడిగింది: "నల్లబడితే ఏమవుతుంది నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు "టోపీ పెట్టుకో, వడదెబ్బ తగులుతుంది" అంటున్నాను. మీరేమంటారు మీ ఇంట్లో?