సౌందర్యలహరి కర్తృత్వ వివాదం

సౌందర్యలహరి త్రిపురసుందరిని స్తుతించే సంస్కృత స్తోత్రం. పాదానికి పదిహేడు అక్షరాల శిఖరిణీ వృత్తంలో నూరు శ్లోకాలున్నాయి. కొన్ని ప్రతుల్లో మరో మూడు కనిపిస్తాయి. మొదటి 41 శ్లోకాలను ఆనందలహరి అంటారు. దేవిని కిరీటం మొదలు పాదాల దాకా వర్ణించే మిగతా 59 శ్లోకాలకే సౌందర్యలహరి అన్న పేరు అచ్చంగా చెల్లుతుంది. నవరాత్రుల్లో పారాయణ చేసే భక్తులకు ఇది ఆదిశంకరుల రచన. పండితుల్లో మాత్రం ఆ ఏకాభిప్రాయం లేదు.

సందేహం ఆధునికులతో మొదలైంది కాదు. శంకరులు కైలాసం నుంచి ఈ గ్రంథాన్ని తెస్తుంటే నంది అడ్డగించి చాలా భాగం లాక్కున్నాడనీ, చేతిలో మిగిలిన 41 శ్లోకాలకు తక్కిన 59 ఆయనే కూర్చారనీ ఒక ఐతిహ్యం ఉంది. మంత్రం, శ్రీచక్రం, కుండలిని చుట్టూ తిరిగే తొలి భాగానికీ, రూపవర్ణన సాగే మలి భాగానికీ ఉన్న తేడాను పూర్వులు గుర్తించారనడానికి ఈ కథే సాక్ష్యం. వ్యాఖ్యాతల్లోనూ ఒకే మాట లేదు. 16వ శతాబ్దిలో గజపతి ప్రతాపరుద్రుని ఆశ్రయంలో ఉన్న లొల్ల లక్ష్మీధరుడు దీన్ని శంకరులదిగానే భావించి వ్యాఖ్య రాశాడు. సుధావిద్యోతిని అనే వ్యాఖ్య మాత్రం ప్రవరసేనుడనే ద్రావిడ రాజు పేరు చెబుతుంది.

అసలు చర్చంతా 75వ శ్లోకం దగ్గర బిగుసుకుంటుంది. దేవి చనుబాలు తాగి మహాకవి అయిన ద్రవిడ శిశువు ప్రస్తావన అందులో ఉంది. ఆ శిశువు శంకరులేనని కొందరు వ్యాఖ్యానించారు. కానీ పార్వతి పాలిచ్చిందన్న కథ తమిళనాట శీర్గాళిలో పుట్టిన 7వ శతాబ్ది శైవకవి తిరుజ్ఞానసంబంధర్‌ది. తన కవిత్వాన్ని తానే అంతగా పొగుడుకోవడం స్తోత్రం చివర కనిపించే వినయానికి పొసగదు కనుక రెండో అన్వయమే సబబు. అయితే దీనివల్ల తేలేది స్తోత్రం సంబంధర్ తర్వాతిదన్న సంగతి ఒక్కటే. శంకరులది కాదని తేలదు.

అంతకంటే గట్టి అభ్యంతరం సిద్ధాంతపరమైనది. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో పరబ్రహ్మం నిర్గుణం, నిష్క్రియం. స్తోత్రం తొలి శ్లోకంలోనే శక్తి తోడు లేని శివుడు కదలనైనా కదలలేడు. 35వ శ్లోకంలో దేవి తానే విశ్వరూపంగా పరిణమిస్తుంది. జగత్తును బ్రహ్మ వివర్తంగా, అంటే మారని బ్రహ్మంపై తోచే ఆభాసగా, చెప్పే అద్వైతానికి ఈ పరిణామవాదం దూరం. 1958లో హార్వర్డ్ గ్రంథమాలలో ఆంగ్లానువాదంతో దీన్ని ప్రచురించిన నార్మన్ బ్రౌన్ శంకర కర్తృత్వాన్ని అంగీకరించలేదు. శంకర మఠాల పీఠాధిపతులందరికీ శంకరాచార్య నామం ఉండటం వల్ల తర్వాతివారి రచనలు ఆదిశంకరుల ఖాతాలో చేరాయన్నది పలువురు పరిశోధకుల వివరణ.

శంకర మఠాల్లో శ్రీచక్రార్చన నేటికీ సాగడాన్ని సంప్రదాయవాదులు చూపుతారు. భాష్యం జ్ఞానమార్గానికీ, స్తోత్రం ఉపాసనకూ ఉద్దేశించినవనీ, ఒకే ఆచార్యుడు అధికారిని బట్టి రెండు తీరుల్లో మాట్లాడగలడనీ వారి సమాధానం. వ్యవహార, పరమార్థ దశలను వేరు చేసిన శంకరుల విషయంలో ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే అది కర్తృత్వం అసాధ్యం కాదని చూపుతుందే గాని రుజువు చేయదు.