కప్పు పక్కన ఇంకో కప్పు



ఉగాది ఆటల పోటీలు దగ్గరపడుతున్నాయి. కిందటేడు క్రికెట్ మ్యాచ్‌లో ఒక్క వైడ్ బాల్ దగ్గర మొదలైన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. "మీ తెలుగోళ్లు", "మీ కన్నడోళ్లు" దాకా వెళ్లింది. ఆ రెండు ఇళ్లవాళ్లు ఇప్పటికీ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. అందుకే ఒక పాత సంగతి రాస్తున్నాను.

2016 మే 29, చిన్నస్వామి స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్. ఒకవైపు మనం ఉంటున్న బెంగళూరు, ఇంకోవైపు మన భాష మాట్లాడే హైదరాబాద్. అత్తిబెలె తెలుగువాళ్లకి ఎవరికి చప్పట్లు కొట్టాలో తేలని రాత్రి అది. సన్‌రైజర్స్ 208 కొడితే, బెంగళూరు 200 దగ్గర ఆగింది. 2009 ఫైనల్లో డెక్కన్ ఛార్జర్స్ చేతిలో 6 పరుగులతో ఓడిన జట్టుకి ఈసారి 8 పరుగుల దెబ్బ. ఇవన్నీ అందరికీ గుర్తే. కానీ ఆ ఏడాది వార్నర్ జట్టుకి ఇంకో బహుమతి కూడా వచ్చిందని ఎంతమందికి తెలుసు? అదే ఫెయిర్ ప్లే అవార్డు.

ఐపీఎల్ మొదటి ఏడాది 2008 నుంచీ ఈ అవార్డు ఉంది. ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు రెండు జట్లకీ మార్కులు వేస్తారు. ఆట స్ఫూర్తికి 4, ఎదుటి జట్టుని గౌరవించినందుకు 2, నియమాలు పాటించినందుకు 2, అంపైర్లకి ఇచ్చిన మర్యాదకి 2. మొత్తం 10. మొదటిసారి చెన్నై గెలిచింది, తర్వాత కూడా చాలాసార్లు గెలిచింది. హైదరాబాద్ 2016 తర్వాత 2019లో, 2024లో మళ్లీ అందుకుంది. 2016 చూస్తే ఒక్కటి తెలుస్తుంది: మర్యాదగా ఆడితే కప్పు పోదు.

మైదానం బయట సేవకి ఇలా మార్కులు లేవు. అయినా చేసినవాళ్లున్నారు. 2021 మే నెలలో కోవిడ్ సాయానికి సన్‌రైజర్స్ తరఫున సన్ టీవీ 30 కోట్లు ప్రకటించింది. బెంగళూరు జట్టు 2011 నుంచి దాదాపు ఏడాదికో మ్యాచ్ ఆకుపచ్చ జెర్సీలో ఆడుతూ, టాస్ దగ్గర ఎదుటి కెప్టెన్‌కి మొక్క ఇస్తోంది. మన నగరంలో చెరువుల పూడిక తీసే పనికీ చేయి వేసింది. పోటీకి వచ్చినవాడి చేతిలో మొక్క పెట్టడం నాకు మరీ నచ్చింది.

మనం ఉండేది సరిహద్దు ఊరు. చెక్‌పోస్టు దాటితే హోసూరు. ఒకే వీధిలో తెలుగు, కన్నడ, తమిళం వినిపిస్తాయి. ఉగాది తెలుగువాళ్లదీ, కన్నడిగులదీ కూడా. ఆ పండగ పేరుతో ఆడే ఆట వీధిని రెండుగా చీల్చకూడదు.

అందుకే నా మనవి. ఈసారి రెండు కప్పులు కొందాం. రెండోదానికి అవే 10 మార్కులు, ఏ జట్టుకీ చెందని పెద్దవాళ్లు వేస్తారు. ఆట అయ్యాక మైదానం శుభ్రం చేసిన జట్టుకి ఇంకో 2. ఖర్చు నేను పెట్టుకుంటాను. కిందటేడు మాట జారినవాళ్లలో నేనూ ఉన్నాను కదా.

ఆదివారం మీటింగులో మీ మాట చెప్పండి.